మూడో మిషన్‌ను తిన్నదెవరు

శక్తినగర్,
9-4-1999.

అత్తా,

నమస్కారాలు. నువ్వు పంపిన ఫ్లాపీ మంగళవారం చేరింది. పోస్ట్‌మ్యాన్ కవరును చెవి దగ్గర ఊపి, "ఏందమ్మా ఇందుల, బిస్కట్లా?" అన్నాడు. కంప్యూటర్ ఆట అంటే నమ్మలేదు.

ఆట మాత్రం భలే ఉంది. అక్షరాలు పైనుంచి రాలుతుంటే నేల తాకకముందే మీట నొక్కాలి. ఆఫీసులో మేం ముగ్గురం ఆడపిల్లలమని రాశాను కదా. హేమ వేళ్ళు ఇప్పటికే కొంచెం తిరిగాయి. కొత్తగా చేరిన స్ఫూర్తి మాత్రం ఒక్కో అక్షరాన్ని తప్పిపోయిన మేకపిల్లలా వెతుక్కునేది. నాలుగు రోజులు ఆడిందో లేదో, చూడకుండా టైపు చేస్తోంది. కొత్త మిషన్లు రెండింట్లోనూ ఆట ఎక్కించాను. పాత మిషన్‌లో కూడా పెట్టి చూశాను గానీ అది ఒప్పుకోలేదు. దాంట్లో విండోస్ లేదు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలే. ఈ ప్రోగ్రాం డాస్‌లో నడవదని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి ఊరుకుంది. ముసలిది, ఆటలేం ఆడుతుంది!

కానీ అసలు పని ఆ ముసలిదాంట్లోనే ఉంది. మా కాంట్రాక్టరు కింద కరెంటు ప్లాంటులో పనిచేసే నాలుగు వందల పన్నెండు మంది కూలీలు ఏ రోజు పనిలో చేరారో అందులోనే ఉంది. రెండేళ్ళ కింద రిజిస్టర్లు ముందు పెట్టుకుని నేనే ఎక్కించాను. ఆ రిజిస్టర్లు తర్వాత గోడౌన్‌లో తడిసి చెదల పాలయ్యాయి. ఇప్పుడు పదేళ్ళు నిండినవాళ్ళకు ఆసుపత్రి కార్డు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. మే నెలలో లేబర్ ఆఫీసరు వచ్చి వాళ్ళ పేర్ల పట్టీ తీసుకుంటారట. నాన్న ఎనభై ఏడులో ఉగాది మర్నాడు చేరాడు. పన్నెండేళ్ళూ బూడిద సెక్షనే. కార్డు వస్తే ఆ దగ్గుకు ఒక ఎక్స్‌రే అయినా తీయించవచ్చు. "దగ్గేమున్నది, అందరికీ ఉన్నదే" అంటాడు. నీ అన్న సంగతి నీకు తెలుసు.

ఎండ అప్పుడే నలభై రెండు దాటింది. అమ్మ నిన్ను అడిగిందని రాయమంది. నా తెలుగులో కన్నడం దూరితే నవ్వకు.

నీ మేనకోడలు,
సవిత

*

సికింద్రాబాద్,
15-4-1999.

సవితా, నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని. పక్క బల్ల మీద రిపేరు చేసే మంజునాథ్, "అక్కా, ఎవరు రాసిన్రు, అంత నవ్వుతున్నవ్?" అని అడిగాడు. మా అన్న బిడ్డ, థర్మల్‌ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్ అని చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకెంత గర్వంగా ఉంటుందో నీకు తెలియదు. నేను రేడియో ఫ్యాక్టరీలో చేరినప్పుడు, ఆడది టంకం కడ్డీ పట్టుకుందని మన ఊరు చంద్రబండలో మన వాళ్ళే చెవులు కొరుక్కున్నారు.

ఒక్క జాగ్రత్త చెబుతాను. సాయంత్రం మిషన్ ఆపేటప్పుడు ఫ్లాపీని దాంట్లోనే వదిలేసి పోవద్దు. మర్నాడు ఆన్ చేయగానే మిషన్ ముందు ఆ ఫ్లాపీనే చదువుతుంది. దాని మొదటి భాగంలో వైరస్ దాక్కుని ఉంటే, మనం కుర్చీలో కూర్చోకముందే అది లోపలికెళ్ళి కూర్చుంటుంది. మా దుకాణానికొచ్చే రోగుల్లో సగం మందికి ఇదే జబ్బు. బయటివాళ్ళ ఫ్లాపీలు ముట్టుకోకు. నేను పంపినదంటావా, దాన్ని కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు. ఆ ఆట ముప్పై మందికి పైగా ఇచ్చాను, ఒక్కరూ మాట అనలేదు.

అన్నను బూడిదలోకి పోయేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమను. వినడు. అయినా చెప్పు.

దీవెనలతో,
నీ మేనత్త రంగవ్వ

*

శక్తినగర్,
28-4-1999.

అత్తా,

వెంటనే జవాబు రాయి. నువ్వు పంపిన ఫ్లాపీలో వైరస్ ఉందా? అడగాల్సింది అడిగేశాను, ఇప్పుడు జరిగింది చెబుతాను.

మొన్న సోమవారం పొద్దున తొమ్మిదికి హేమా స్ఫూర్తీ రోజూలాగే కొత్త మిషన్లు ఆన్ చేసి, పనికి ముందు ఒక్కసారి ఆట తెరిచారు. రెండు తెరలూ ఉన్నపళంగా బిగుసుకుపోయాయి. ఆపి మళ్ళీ వేశాం. హేమ మిషన్‌లో ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మీద మాత్రం ఒక్క చుక్క కూడా లేదు. స్ఫూర్తి మిషన్ తనలో డిస్కే లేదని రాసి చూపించింది. నిన్నటి దాకా ఉన్న డిస్కు ఎక్కడికి పోతుంది అత్తా?

మేనేజరు జయరామయ్య సారు వచ్చారు. "ఏనమ్మా ఇదు?" అని కన్నడంలో కేకలేసి ముగ్గురినీ బయటికి పంపారు. నేను పాత మిషన్ ఇంకా ఆన్ చేయలేదు. నాలుగు దాకా గేటు పక్క రేకుల షెడ్డులో ఉడికిపోయాం. తర్వాత లోపలికి పిలిచారు.

"మూడూ పోయినయి. కూలీల పట్టీ గూడ పోయింది. నీ ఫ్లాపీల వైరస్సున్నది, అదే తిన్నది" అన్నారు.

పట్టీ నకలు ఒక ఫ్లాపీలో తీసి ఆయన బీరువాలోనే పెట్టానని గుర్తు చేశాను. అది కూడా చదవడం లేదట. నాకు చూపించలేదు.

మర్నాడు ఒక కాగితం ముందు పెట్టారు. నా నిర్లక్ష్యం వల్ల మూడు కంప్యూటర్లూ, కూలీల పట్టీ నాశనమయ్యాయని కన్నడంలో రాసి ఉంది. "దస్తఖత్ పెట్టు. నెల దినాలు ఇంట్ల ఉండు, మళ్ళ తీసుకుంట. లేకుంటే పోలీసులకిస్త" అన్నారు.

భయపడ్డాను అత్తా, అబద్ధం ఎందుకు చెప్పను. కానీ కాగితాన్ని ఆయన వైపే తోశాను. "మా అత్త సికింద్రాబాదుల కంప్యూటర్లు బాగు చేస్తది. ఆమె చేతి నుంచి వచ్చిన దాంట్ల పురుగుండదు. నేను పెట్టను" అన్నాను.

నన్ను ఆఫీసు మెట్లెక్కొద్దన్నారు. ఇంట్లో ఇంకో గోల. వైరస్ నాకే అంటుకుందని అమ్మ అనుకుంది. రెండు రోజులుగా పసుపు నీళ్ళతో చేతులు కడిగిస్తోంది. పక్కింటి బసవ్వ తన మనవరాలిని మా గుమ్మం దగ్గరికి రానివ్వడం లేదు. అది మిషన్లకొచ్చే జబ్బని చెబితే, "మిషిన్‌కే గంత జబ్బు జేసేది మనిషిని ఇడుస్తదా?" అంటుంది.

నవ్వుతూ రాస్తున్నానని అనుకోకు. ఒక్క మాట రాయి, ఆ మాట జయరామయ్య సారు ముఖం మీద పెడతాను.

సవిత

*

సికింద్రాబాద్,
4-5-1999.

చిరంజీవి సవితకు,

ఉత్తరం అందింది. ధైర్యంగా ఉండు. వైరస్ వైరస్ అని అందరూ ఒకే పేరు పెడతారు గానీ ఇవి చాలా రకాలు. అన్నీ ఫ్లాపీతోనే రావు, అన్నీ ఒకే పని చేయవు.

వైరస్ తనంతట తాను బతకలేదు. ఇంకో ప్రోగ్రాంలో దూరి, దాన్ని మనం తెరిచినప్పుడు లేచి, పక్క ప్రోగ్రాంకు అంటుకుంటుంది. కొన్ని ఊరికే ఉండి మిషన్‌ను నెమ్మది చేస్తాయి. కొన్ని ఫలానా తేదీ వచ్చేదాకా నోరు మెదపవు. మొన్న ఒక వకీలు మిషన్ వచ్చింది. ఆయన టైపు చేసుకున్న దావా కాగితాల్లోనే దాక్కుని ఉంది. కాగితం తెరిస్తే చాలు, అది మిగతా కాగితాలన్నింటికీ అంటుకుంటుంది. ఆయన రాయని మాటలు దావాలో కనబడుతున్నాయని లబోదిబోమన్నాడు. ఇంకో జాతి ఉంది, పురుగు అంటారు. దానికి మనం ఏదీ తెరవనక్కరలేదు, ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు తీగల వెంట తనే పాక్కుంటూ పోతుంది. ఇవి గాక, మంచి ప్రోగ్రాంలా వేషం వేసుకుని వచ్చేవి ఉన్నాయి. ఆట అనుకుని తెరుస్తాం, అది లోపల కూర్చుని మన రహస్య పదాలు ఎవరికో చేరవేస్తుంది. వాటిని ట్రోజన్లంటారు. పెళ్ళి కార్డుల ప్రెస్సులో ఒకాయన మిషన్‌కు మూడు రకాలూ ఒకేసారి పట్టాయి, పాపం కార్డుల మీద పెళ్ళికొడుకు పేర్లు తారుమారయ్యాయి.

కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందని తేల్చడం కష్టం.

నా మాట విను. ఆ సంతకం పెట్టెయ్. నెల రోజుల్లో మళ్ళీ తీసుకుంటానన్నాడు కదా. ఫ్యాక్టరీలో ఇలాంటి కాగితం మీదే ఒకసారి నేను సంతకం పెట్టనని మొండికేసి మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. ఆ మూడేళ్ళు ఎలా గడిచాయో మీ నాన్నకు తెలుసు. కాగితం కాగితమే, దాంతో నీ ఒంటికేం కాదు.

ఇక్కడ మామిడిపళ్ళు వచ్చాయి, ఇంకా పులుపే.

నీ అత్త,
రంగవ్వ

*

శక్తినగర్,
10-5-1999.

అత్తకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వకీలు సంగతి ఉంది, పెళ్ళికొడుకు సంగతి ఉంది, మామిడిపళ్ళ పులుపు కూడా ఉంది. నేనడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు లేదు. నీ ఫ్లాపీలో ఉందా, లేదా?

సంతకం పెట్టమన్నది నీ మాట కాదని నాకు తెలుసు. నాన్న నీకు చాటుగా ఉత్తరం రాశాడు. పోలీసుల పేరు చెప్పి జయరామయ్య సారు భయపెట్టి ఉంటాడు, నాన్న నీ చేత చెప్పించాడు. ఆ మాట నాన్న ముఖం మీదే అన్నాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులైంది, ఇంట్లో మాటల్లేవు.

బయట నా పరిస్థితి వింటావా? ఆ వైరస్ పేరు చెర్నోబిల్ అని పేపర్లో వేశారట. అదేదో దేశంలో పేలిన కరెంటు ప్లాంటు పేరని ఎవరో చదివి చెప్పారు. అంతే, సవిత తెచ్చిన వైరస్‌తో మన ప్లాంటు కూడా పేలుతుందని లేబర్ లైన్లలో పుకారు లేచింది. ఇద్దరు సామాన్లు కట్టుకుని వాళ్ళ ఊరు కల్లూరు పోయారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర నన్ను చూసి ఆడవాళ్ళు బిందెలు జరుపుకుంటున్నారు.

దాన్నయినా భరిస్తాను. నిన్న నింగప్ప తాత వచ్చాడు. నాన్నతో పాటే బూడిద ఎత్తుతాడు, ఒక కన్నుకు చూపు తగ్గింది. అరుగు మీద కూర్చుని, తిట్టకుండా మెల్లగా అన్నాడు: "మా పదమూడేండ్లు నీ డబ్బల పెట్టుకున్నవ్. ఎట్ల పోగొట్టినవ్ బిడ్డా?" అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

హేమ ఇంకో సంగతి చెప్పింది. పదేళ్ళ వాళ్ళ పట్టీ ఆఫీసరు చేతికి పోతే, రేపు కాంట్రాక్టరు వాళ్ళను ఇష్టమొచ్చినట్టు తీసెయ్యలేడట. పట్టీ లేకపోతే నాలుగు వందల పన్నెండు మందీ ఈ సంవత్సరమే చేరినట్టు రాసుకుంటారట. అంటే నా సంతకం వాళ్ళందరి ఏళ్ళ మీద పడే గీత అత్తా. "కాగితం కాగితమే" అని నువ్వెలా రాయగలిగావు?

ఆఫీసరు ఇరవై రెండున వస్తున్నారు. నువ్వు జవాబిచ్చినా ఇవ్వకపోయినా నేను గేటు దగ్గరుంటాను.

సవిత

*

సికింద్రాబాద్,
15-5-1999.

సవితా,

దీన్ని మొదటి నుంచి చివరి దాకా చదువు, మధ్యలో చింపేయకు.

నీ ఫ్లాపీలోనే ఉంది. అది నా చేతి నుంచే వచ్చింది.

ఏప్రిల్ ఇరవై ఆరున మా దుకాణానికి ఒక్క రోజులో పదకొండు మిషన్లు వచ్చాయి. అన్నీ నువ్వు రాసినట్టే. కొన్నింటికి తెర నలుపు, కొన్నింటికి డిస్కు లేదు. నీ ఉత్తరం అందినరోజు, ఆట అసలు కాపీ తీసి ఒక పాత బోర్డు మీద ఎక్కించాను. తేదీని ఏప్రిల్ ఇరవై ఆరుకు మార్చి ఆట తెరిచాను. నా కళ్ళ ముందే చచ్చింది. ఆ ఆటను నేను ఎవరో ఇచ్చిన సీడీ నుంచి తీసుకున్నాను. పరీక్షించకుండా, నాకేం తెలియదా అనే పొగరుతో ముప్పై ఒక్క మందికి పంచాను.

మే మూడునే నాకు తెలుసు. నాలుగున నీకు ఆ ఉత్తరం రాశాను. వైరస్‌ల రకాలు చెబుతూ ఆ వెనక దాక్కున్నాను. మా యజమానికి తెలిస్తే ఈ పని పోతుందని భయం. నీ దగ్గర చిన్నబోతానని అంతకంటే పెద్ద భయం. నువ్వు సంతకం పెడితే అందరూ మరిచిపోతారని లోపల లెక్క వేసుకున్నాను. ఫ్యాక్టరీ మూడేళ్ళ కథ నిజమే గానీ, దాన్ని అడ్డం పెట్టుకున్నాను. మీ నాన్న నాకు ఒక్క అక్షరం రాయలేదు. పోయి ఆయనతో మాట్లాడు, ముందు ఆ పని చెయ్.

ఇప్పుడు అసలు మాట. ఇది కూడా మే మూడునే తోచింది. నా తప్పు ఒప్పుకోకుండా ఇది చెప్పడానికి వీల్లేక మింగేశాను.

ఈ వైరస్ విండోస్ తొంభై అయిదు, తొంభై ఎనిమిది ఉన్న మిషన్లలోనే బతుకుతుంది. ప్రోగ్రాముల లోపలి ఖాళీ జాగాల్లో ముక్కలు ముక్కలుగా దూరుతుంది కాబట్టి, ఫైలు సైజు పెరగదు, ఎవరికీ అనుమానం రాదు. ఆ తేదీన లేచి డిస్కు మొదటి భాగాన్ని చెరిపేస్తుంది. దారి చూపే పేజీలు అక్కడే ఉంటాయి కాబట్టి మిషన్‌కు తన డిస్కే కనబడదు. కొన్ని బోర్డుల మీద, మిషన్‌ను నిద్రలేపే చిన్న చిప్పులోని రాతను కూడా పాడుచేస్తుంది. అప్పుడు తెర మీద చుక్క కూడా రాదు. హేమ మిషన్‌కు జరిగింది అదే. కానీ డాస్ మిషన్‌ను అది ముట్టుకోలేదు. నీ పాత మిషన్‌లో ఈ ఆట నడవనే లేదని నువ్వే మొదటి ఉత్తరంలో రాశావు. ప్రోగ్రాం నడవకపోతే దాంట్లోని వైరస్ లేవదు.

కాబట్టి రెండు మిషన్లను చంపింది నేను. మూడోదాంట్లో పట్టీని తీసింది మనిషి.

డాస్‌లో ఒక ఫైలును తీసేస్తే అది నిజంగా పోదు. దాని పేరులో మొదటి అక్షరం ఒక్కటే చెరిగిపోతుంది, ఆ జాగా ఖాళీ అని గుర్తు పడుతుంది. దాని మీద వేరే ఏదీ రాయకపోతే లోపలిదంతా అలాగే ఉంటుంది. C:\ దగ్గర పట్టీ ఉన్న చోటికి పోయి UNDELETE అని కొట్టు. మొదటి అక్షరం అడుగుతుంది, ఇవ్వు. ఈలోగా ఆ మిషన్‌లో ఎవరూ కొత్తగా ఏమీ రాయకుండా ఉండాలి, అదొక్కటే మన చేతుల్లో లేదు.

ఇరవై రెండున నా పేరు చెప్పు. దాచకు. వైరస్ సికింద్రాబాద్ నుంచి మా అత్త రంగవ్వ పంపిన ఫ్లాపీలో వచ్చిందని చెప్పు. సగం నిజం చెబితే మిగతా సగాన్ని కూడా నమ్మరు.

రంగవ్వ

*

శక్తినగర్,
24-5-1999.

అత్తా,

నీ ఉత్తరం ఇరవైన వచ్చింది. చదివాను, చింపలేదు. కోపం ఉందా అంటే ఉంది. పెద్దమనిషిలా క్షమించానని రాయడం నాకు చేతకాదు. కానీ నువ్వు రాయకపోయి ఉంటే నేనిప్పుడు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ముందు నాన్న దగ్గరికి పోయాను. వాకిట్లో చెప్పులు కుట్టుకుంటున్నాడు. "అత్త రాసింది, నువ్వేం రాయలేదంట. నేను తప్పుగ అనుకున్న నాయినా" అన్నాను. తలెత్తకుండా, "నాకు రాయొస్తే గద బిడ్డా నేను రాసేది" అన్నాడు. అత్తా, నాన్నకు రాయడం రాదని నాకు తెలుసు. కోపంలో ఆ సంగతే మరిచిపోయి ఇన్ని రోజులూ ఆయన్ను దోషిని చేశాను. తర్వాత సంతకం సంగతి అడిగాను. "పెట్టేది నీ చెయ్యి. నా కార్డు కోసమని మాత్రం పెట్టకు" అన్నాడు.

శనివారం పదిన్నరకు లేబర్ ఆఫీసరు జీపు వచ్చింది. ఆమె కన్నడ మేడం, గద్వాల చీర, తక్కువ మాటలు. గేటు దగ్గర నేను, నాన్న, నింగప్ప తాత, షిఫ్టు దిగిన ఒక అరవై మంది. కొందరు నా కోసం రాలేదు, నన్ను నిలదీయడానికి వచ్చారు. జయరామయ్య సారు మేడంతో, పట్టీ వైరస్ వల్ల పోయిందని, అందరినీ ఈ ఏడాది నుంచి రాసుకుంటామని చెబుతున్నారు. నేను మధ్యలోకి పోయాను.

"మేడం, వైరస్ తెచ్చింది నేనే" అన్నాను.

వెనక ఎవరో తిట్టారు. సారు ముఖంలో వెలుగు వచ్చింది. నేను ఆగలేదు. కన్నడంలోనే చెప్పాను. ఫ్లాపీ మా అత్త రంగవ్వ పంపింది, ఆమెకు తెలియక పంపింది, నేను తెలియక ఎక్కించాను, కొత్త మిషన్లు రెండూ దానివల్లే పోయాయి, ఆ తప్పు మాది అన్నాను. "కానీ పట్టీ ఉన్నది మూడో మిషన్‌లో. దానికి ఈ వైరస్ అంటదు. చూపిస్తాను, మిషన్ ముందు నిలబడనివ్వండి."

"ఆ మిషన్ ఖరాబై నెలాయె. ఈ పిల్లకు ఏం ఎర్క?" అన్నారు సారు.

మేడం ఆయన వైపు చూడలేదు. "మిషన్ ఆన్ మాడి" అంది, ఆన్ చేయమని.

పాత మిషన్ మూలన గుడ్డ కప్పుకుని ఉంది. గుడ్డ మీద వేలు పెడితే గీత పడేంత బూడిద. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. నెల రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. మీట నొక్కాను. మూలిగి, గురగురలాడి లేచింది. ఖరాబైన మిషన్ లేస్తుందా?

ముందు నీ ఫ్లాపీ పెట్టి ఆట పేరు కొట్టాను. నడవదని అదే వాక్యం రాసింది. మేడం వంగి చదివింది. ఈ ప్రోగ్రాం ఇక్కడ లేవనే లేవదు, లేవనిది ఎలా తింటుంది మేడం, అన్నాను. తర్వాత నువ్వు చెప్పిన మాట కొట్టాను. రెండుసార్లు తప్పు కొట్టాను. తెర మీద వరసగా పేర్లు వచ్చాయి. మధ్యలో ఒకటి, మొదటి అక్షరం బదులు ప్రశ్న గుర్తు, తర్వాత OOLI. కూలి అని నేనే పెట్టిన పేరు. మొదటి అక్షరం ఏమిటని అడిగింది.

K నొక్కాను.

అంతే అత్తా. అంతే పని. పట్టీ తెరుచుకుంది.

"ఆ పిల్లనే తీసి పెట్టుంటది, నాటకం" అన్నారు సారు. అప్పుడు హేమ లేచింది. దాని ఇంట్లో సంపాదించేది అదొక్కతే, నోరు తెరవదని అనుకున్నాను. "ఆ దినం మేం ముగ్గురం నాలుగు దాంక గేటు కాడ ఉన్నం మేడం. లోపల సారొక్కరే" అంది. మేడం పట్టీని ప్రింటు తీయించింది.

మేడం పేర్లు చదవమంది. కిటికీ దగ్గర నిలబడి చదివాను. తాయప్ప, చంద్రబండ, ముప్పై ఒకటి మార్చి ఎనభై ఏడు. నాన్న బయట నుంచి "ఉన్న" అన్నాడు, బడిలో హాజరు చెప్పినట్టు. ఆ తర్వాత అక్కడున్న ప్రతివాడూ అలాగే అన్నాడు. చివరి పందొమ్మిది వరుసలు మాత్రం పిచ్చి గుర్తులై వచ్చాయి, తీసేసిన రోజే వాటి జాగాలో ఇంకేదో పడిందేమో. ఆ పందొమ్మిదిలో పక్కింటి బసవ్వ ఉంది. జనాన్ని తోసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"నాది మిషిన్ జెప్పేదేంది? నా చిన్నబిడ్డ పుట్టిన మూడో నెల, ఎనభై ఆరు, దీపావళికి ముందు సోమారం. పక్కపొంటి తట్ట మోసినోళ్ళు గిక్కడనే ఉన్నరు, అడుగున్రి" అంది.

మేడం అడిగింది. ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ఆ పందొమ్మిది మంది పేర్లు నేను చేత్తో రాశాను, మేడం పక్కన సంతకం చేసింది.

జయరామయ్య సారు సంతకం పెట్టమన్న కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని తిరగేసి వెనక వైపు రాశాను: రెండు కంప్యూటర్లు నేను తెచ్చిన ఫ్లాపీ వల్ల పోయాయి, పట్టీని తీసింది వైరస్ కాదు, మనిషి. కింద పెద్దగా సంతకం పెట్టి మేడం చేతికిచ్చాను. పట్టీ సంగతి విచారిస్తామని చెప్పి తీసుకుంది.

సారును ఇంకా ఎవరూ ఏమీ అనలేదు, రోజూ ఆఫీసుకు వస్తున్నారు. నన్ను మాత్రం పనిలోకి రానివ్వరట. ఫ్లాపీ తెచ్చానని నేనే ఒప్పుకున్నాను కదా. రానివ్వకపోతే పోనీ. ట్యాంకరు దగ్గర ఇప్పుడు బిందె పెట్టేలోపే జాగా ఇస్తున్నారు. "ప్లాంటు పేలదు కద బిడ్డా?" అని మాత్రం బసవ్వ ఇంకా అడుగుతోంది.

నీ యజమానికి చెప్పావా? నేను నీ పేరు అరవై మందిలో చెప్పాను. ఇప్పుడు నీ వంతు.

సవిత

*

సికింద్రాబాద్,
6-6-1999.

నా తల్లీ,

నీ ఉత్తరం అందిన సాయంత్రమే యజమానికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "ఇన్ని దినాలు ఎవరికీ తెలియలే కద రంగవ్వా. గట్లనే ఉండనియ్యి" అన్నాడు. నేను నెల రోజుల కింద నీకు చెప్పిన సలహా అదే. ఇంకొకరి నోట వింటే ఎంత అసహ్యంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మర్నాడు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి దుకాణం ముందు వేలాడదీశాను. "నా దగ్గర టైపింగ్ ఆట తీసుకున్నవారి కంప్యూటర్లు నా తప్పు వల్ల పాడైనవి. తీసుకురండి. ఊరికే బాగుచేసి ఇస్తాను. రంగవ్వ." అడ్రసులు తెలిసినవాళ్ళకు కార్డులు కూడా రాశాను. ముప్పై ఒక్క మందిలో ఇప్పటికి పందొమ్మిది మంది వచ్చారు. ఒకాయన దుకాణం మధ్యలో నిలబడి నన్ను అనరాని మాటలన్నాడు. కూతురి కాలేజీ ప్రాజెక్టు పోయిందట. అన్నీ విన్నాను. ఆయన డిస్కు మీద మూడు రోజులు కూర్చుని, చెరిగిన దారి పేజీల రెండో నకలు వెతికి పట్టుకున్నాను. ప్రాజెక్టు చాలావరకు వచ్చింది. ఆయన మిషన్ ఎత్తుకుని నేరుగా బయటికి నడిచాడు. మంచిమాట కోసం నేనూ ఎదురుచూడలేదు.

చిప్పు పాడైనవాటికి ఒక ఉపాయం కనిపెట్టాను. అచ్చం అదే రకం మంచి బోర్డును ఆన్ చేసి, అది నడుస్తుండగానే దాని చిప్పు పీకి, చచ్చిన చిప్పు పెట్టి, రాత మళ్ళీ ఎక్కించడం. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి వణికినా రెండు బోర్డులూ పోతాయి. మొదటిసారి మంజునాథ్ కళ్ళు మూసుకున్నాడు. ఇప్పటికి ఆరు బతికాయి. హేమ మిషన్‌ను కూడా అలాగే బతికించవచ్చు. మీ కాంట్రాక్టరు నన్ను రానివ్వకపోతే, ఆ చిప్పు ఒక్కటి పీకి పంపమను, నేను రాసి పంపిస్తాను. ఆ రెండు మిషన్లూ నా బాధ్యత, ఆయన మంచివాడైనా చెడ్డవాడైనా.

నీ కోపం అలాగే ఉంచుకో, తొందరపడి తీసేయకు. అది ఉన్నంతకాలం నేను జాగ్రత్తగా ఉంటాను. అన్నకు కార్డు రాగానే ఎక్స్‌రే రోజు రాయి, ఆ రోజు నేను అక్కడుంటాను. రైలు దిగి నేరుగా ఆసుపత్రికే వస్తాను.

నిన్న యజమాని మళ్ళీ వచ్చి ఆ అట్ట ముందు నిలబడ్డాడు. "అది తీసెయ్ రంగవ్వా. దుకాణం పేరు ఖరాబైతది" అన్నాడు.

"దుకాణం పేరు నేను రాయలే సార్. నా పేరే రాసిన" అన్నాను.

పన్నెండు మంది ఇంకా రావాలి. వానలు మొదలయ్యాయి, అట్ట తడవకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టి, మేకులు ఇంకో రెండు కొట్టాను.

ఇట్లు,
రంగవ్వ